దూరదర్శినికి తోడు వస్తువులు

ఆకాశమును గూర్చిన ప్రసంగము ప్రసారమైన వారమున మా కార్యాలయమునకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న ఈ నడుమ తరచుగా కానవచ్చుచున్నది. కంప్యూటరుతో నడచు దూరదర్శినిని కొంటిమి, లేక కొనదలచితిమి. దానితోపాటు ఇంకేమి కొనవలెను? అని ఆ ప్రశ్న. ఆ మధ్య ఒక ఉపాధ్యాయుడు తన కుమార్తెకై అట్టి యంత్రమును తెప్పించి, దానితో వచ్చిన పట్టికలో ముప్పదికి పైగా తోడు వస్తువులుండుట చూచి బెదరి, వీటిలో ఏవి అక్కర, ఏవి ఆడంబరము అని మమ్ము అడిగెను. అన్నియు కొన్నచో వాటి వెల అసలు యంత్రపు వెలను దాటునట!

అంగడివాని పట్టిక కన్న చరిత్రయే ఈ ప్రశ్నకు మేలైన సమాధానము చెప్పునని మా అభిప్రాయము. ఏలయన ఆ పట్టికలోని వస్తువులలో పెక్కింటిని, ఒకానొక కాలమున ఒకానొక మనుష్యుడు తన గొట్టములోని ఒక లోపముతో వేసారి కల్పించెను. ఆ లోపము మనలనును బాధించుచున్నచో ఆ వస్తువు మనకు అక్కర. బాధింపనిచో అది పెట్టెలో పడియుండును.

మొదట కంటి దగ్గరి గాజును చూతము. పుస్తకములలో దానిని అక్షికటకమందురు; అంగడిలో ఐపీసు అందురు. 1608లో హాలండు దేశమున కళ్లజోళ్లు చేయు హాన్స్ లిప్పర్హే దూరపు వస్తువులను దగ్గరగా చూపు గొట్టమునకై ప్రభుత్వమును హక్కుపత్రము కోరెను. మరుసటి ఏట ఇటలీలో గెలీలియో ఆ వార్త విని, తానే గాజులు సానబట్టి, ఇరువది రెట్లు పెంచి చూపు గొట్టమును సిద్ధపరచుకొనెను. 1610 జనవరిలో గురుగ్రహపు నాలుగు చంద్రులను దానితోనే చూచెను. అయితే ఆ గొట్టమునకు కంటివైపున అమర్చినది పుటాకారపు గాజు. దానిలో దృశ్యము నిటారుగానే కనబడును గాని, కనబడు మేర మిక్కిలి ఇరుకు. చంద్రబింబమంతయు ఒక్కసారి దానిలో పట్టదు. తలుపు సందునుండి పెండ్లి చూచినట్లు, గెలీలియో చంద్రుని ముక్కముక్కలుగా చూచి, ముక్కలను మనస్సులో అతికించుకొని బొమ్మలు గీసెను.

1611లో కెప్లర్ తన గ్రంథమున పుటాకారపు గాజునకు మారుగా కుంభాకారపు గాజును పెట్టవచ్చునని చూపెను. చూపుమేర విశాలమయ్యెను; కాని దృశ్యము తలక్రిందులయ్యెను. ఆకాశమునకు పైక్రిందుల పట్టింపు లేదు గనుక జ్యోతిశ్శాస్త్రజ్ఞులు దానిని లెక్కచేయలేదు. ఒంటి గాజు అంచులలో రంగుల చారలు పుట్టించుటయే తరువాతి బాధ. 1660 ప్రాంతమున హైగెన్స్ రెండు గాజులను కొంత ఎడముగా నిలిపి ఆ చారలను చాలవరకు అణచెను. 1849లో జర్మనీలో కెల్నర్, 1860లో వియన్నా నగరమున ప్లోజెల్ ఆ పనిని ఇంకను ముందునకు నడపిరి. ఈనాడు చవుక యంత్రములతో వచ్చు కొన్ని కంటిగాజులపై హెచ్ అను అక్షరముండును. అది హైగెన్స్ పేరిటి గుర్తు. మూడువందల ఏబది ఏండ్లు దాటిన ఆ ఏర్పాటు, ఆనాటి మిక్కిలి పొడవైన గొట్టములకు చక్కగా తగినది. నేటి పొట్టి గొట్టములకు తగినది కాదు. ప్లోజెల్ పేరుగల గాజు అంతకన్న ఎంతయో మెరుగు, వెలయు మితమే.

ఇక ఎన్ని రెట్లు పెంచవలెను? ఈ ప్రశ్న వద్దనే క్రొత్తవారు హెచ్చుగా మోసపోవుదురు. 1781 మార్చి 13వ తేది రాత్రి ఇంగ్లండులోని బాత్ నగరమున విలియం హెర్షెల్ అను సంగీత విద్వాంసుడు తాను సానబట్టిన 6.2 అంగుళముల దర్పణముగల దూరదర్శినితో మిథునరాశి ప్రాంతమును పరిశీలించుచుండెను. అప్పుడు గొట్టమునకున్న కంటిగాజు 227 రెట్లు పెంచునది. ఒక చుక్క తక్కినవాటికంటె కొంచెము లావుగా కనబడెను. ఆయన వెంటనే గాజు మార్చి 460 రెట్లు, తరువాత 932 రెట్లు పెంచి చూచెను. నక్షత్రమైనచో పెంపునకు తగినట్లు దాని బింబము పెరుగదు. ఇది పెరిగెను. ఆయన తోకచుక్క అనుకొనెను. తరువాతి నెలలలో లెక్కలు కట్టినవారు అది క్రొత్త గ్రహమని తేల్చిరి. అదియే యురేనస్. పూర్వకాలమునుండి తెలిసిన గ్రహముల వరుసకు ఆరవదానిని చేర్చినది గొట్టము మాత్రమే కాదు, చేతికందునట్లు ప్రక్కన పెట్టుకొన్న వేర్వేరు కంటిగాజులు కూడ.

ఆ 932 అను అంకెను చూచి నేటి అమ్మకందారులు పొంగిపోవుదురు. హెర్షెల్ దానిని ఒక పరీక్షకై వాడెను, దృశ్యవినోదమునకు కాదు. అద్దపు వ్యాసము ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలకు మించి పెంచినచో దృశ్యము మసకబారునే గాని క్రొత్త వివరమేదియు దొరకదని అనుభవజ్ఞుల మాట. గాలి నిలకడ లేని రాత్రులలో అంతయు కూడ పనికిరాదు. లెక్క సులభము. దూరదర్శిని నాభ్యంతరమును కంటిగాజు నాభ్యంతరముచే భాగించిన పెంపు వచ్చును. ఇప్పుడు విరివిగా అమ్ముడగు 5 అంగుళముల యంత్రపు నాభ్యంతరము 1250 మిల్లీమీటర్లనుకొందము. 25 మిల్లీమీటర్ల గాజు 50 రెట్లు, 10 మిల్లీమీటర్ల గాజు 125 రెట్లు పెంచును. 1830 ప్రాంతముల ఇంగ్లండులో పీటర్ బార్లో అను గణితజ్ఞుడు కల్పించిన నడిమి గాజు ఒకటి కలదు. దానిని కంటిగాజునకు ముందు చేర్చినచో పెంపు రెట్టింపగును. పై రెండు గాజులే నాలుగు గాజుల పని చేయును. కావున బార్లో గాజు కొన్నవారు 12 మిల్లీమీటర్ల గాజును మరల కొనుట దండుగ. మేమైతే మొదట కొనదగినది ఎక్కువ పెంచు గాజు కాదు, తక్కువ పెంచునదియే అందుము. 32 మిల్లీమీటర్ల ప్లోజెల్ గాజులో చంద్రబింబము చుట్టును చీకటి మిగులును. కృత్తికలలోని వెలుగు చుక్కలు ఇరుకుగానైనను ఒకే చూపులో పట్టును. గెలీలియో కోరి పొందలేకపోయినది ఇదియే.

కంటిగాజులలో మరియొక విధము కలదు. దానిలో సన్నని గీతలు అడ్డముగను నిలువుగను ఉండును. 1640 ప్రాంతమున ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో విలియం గాస్కాయిన్ అను యువకుడు కెప్లర్ తీరు గొట్టములో చూచుచుండగా, లోపల సాలీడు అల్లిన దారమొకటి దృశ్యముతోపాటు స్పష్టముగా కానవచ్చెనట. గెలీలియో గొట్టములో ఇది సాధ్యము కాదు. బింబము గొట్టములోపల ఏర్పడుట కెప్లర్ ఏర్పాటులోనే జరుగును. ఆ చోట దారములను బిగించినచో నక్షత్రమును సరిగా నడుమకు తేవచ్చునని గాస్కాయిన్ గ్రహించి, కొలతలు తీయు మైక్రోమీటరును కూడ నిర్మించెను. 1644లో మార్స్టన్ మూర్ యుద్ధమున ఆయన మరణించెను. ఆ దారముల కూడలి మాత్రము నిలిచెను. 1887లో పారిసులో తలపెట్టిన ఆకాశపటపు మహాకార్యములో మన హైదరాబాదులోని నిజామియా వేధశాల దక్షిణపు 17 అంశలనుండి 23 అంశల వరకు గల పట్టీని వహించినది. 1901లో నవాబు జఫర్ జంగు నెలకొల్పగా 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించిన వేధశాల అది. అట్టి పనిలో ఫోటోపలక వెలుగును గ్రహించుచున్నంతసేపు, జంటగా బిగించిన వేరొక దూరదర్శినిలోని కూడలిపై ఒక నక్షత్రమును కదలనీయక నిలిపి కాపలా కాయవలెను. అది ఎంతటి ఓర్పు పనియో ఊహింపవచ్చును.

కంప్యూటరు యంత్రమునకు ఈ కూడలి గాజు ఎందుకనగా, ఆ యంత్రము తనంతట తాను ఆకాశమును ఎరుగదు. సాయంకాలము దానికి తేదిని, వేళను, ఊరిని చెప్పి, రెండు మూడు వెలుగు చుక్కలను మనమే నడుమకు తెచ్చి చూపవలెను. ఆపైన అది తక్కినవాటిని వెదకికొనును. మనము నడుమ అనుకొన్నది నడుమ కానిచో దాని వెదకులాట అంతయు ప్రక్కకు జరుగును. కూడలి గాజు ఆ పొరపాటును తగ్గించును. ఐనను మొదటి ఏడు అది లేకున్నను గడచును. చుక్కను దృశ్యపు అంచున నిలిపి, నాలుగువైపుల దూరము సరిచూచి నడుమకు తెచ్చుకొనుట అభ్యాసముతో వచ్చును. చుక్కల పేర్లు తెలియుట అంతకంటె ముఖ్యము. యంత్రము ఆర్క్‌ట్యూరస్ అనును. అది మన స్వాతి. స్పైకా అనును; అది చిత్త. వేగా మన అభిజిత్తు, అంటారెస్ జ్యేష్ఠ. పంచాంగము చూచు ఇండ్లలో సగము పాఠము ముందే వచ్చియున్నట్లే.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా ప్రసార కేంద్రములో నలుగురము చందాలు వేసికొని అట్టి యంత్రము నొకదానిని కొంటిమి. ఏప్రిల్ 3వ తేది రాత్రి తొమ్మిది దాటిన తరువాత మేడపైన దానిని నిలిపి, తేది అడుగగా మన అలవాటు చొప్పున 03, 04 అని నొక్కితిమి. యంత్రము అమెరికా వారి పద్ధతిని ముందు నెలను చదువునది. మార్చి 4 అని తలచెను. ముప్పది దినములకు ఆకాశము సుమారు ముప్పది అంశలు తిరుగును. స్వాతిని చూపుమనగా, తూర్పున అంత ఎత్తున మెరయుచున్న స్వాతిని విడిచి, గొట్టము వినయముగా వంగి పొరుగింటి నీళ్లట్యాంకును చూపెను. తప్పు తెలిసికొని సరిదిద్దునప్పటికి పెన్సిలు బ్యాటరీలు ఎనిమిదియు నీరసించెను. గొట్టము గురుగ్రహమువైపు సగము తిరిగి ఆగెను. మరల పిచ్చిగా తిరుగసాగెను. గురుని చంద్రులను చూతునని అన్నము మాని కూర్చున్న ఒక మిత్రుని కూతురు చాపమీద నిద్రపోయెను. ఆ పిల్ల మరల మేడ ఎక్కుటకు రెండు నెలలు పట్టినది. యంత్రములో దోషమేమియు లేదు.

నక్షత్రముల వెంట గొట్టము తిరుగుటయన్నది కంప్యూటరు తెచ్చిన వింత కాదు. 50 రెట్ల పెంపులో చూపుమేర సుమారు ఒక అంశ యుండును. యంత్రము కదలనిచో చుక్క నాలుగు నిమిషములలో ఆ మేరను దాటిపోవును. 1824లో ఫ్రాన్‌హోఫర్ నేటి ఎస్టోనియాలోని తార్తూ నగరమునకు, ఆనాటి దోర్పాతునకు, పంపిన 9 అంగుళములకు మించిన దూరదర్శినికి గడియారపు యంత్రమును జతచేసెను. క్రిందికి దిగు బరువు దానిని నడపెను. భూమి తిరుగుడునకు ఎదురుగా గొట్టము తిరిగెను. స్త్రూవే అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు దానితో వేలకొలది జంట నక్షత్రములను పరిశీలించెను. ఆనాటి బరువునకు మారు నేటి బ్యాటరీ. అందుచేతనే పట్టికలోని వస్తువులలో మేము మొదటి స్థానమిచ్చునది 12 వోల్టుల, మరల మరల నింపుకొనదగిన విద్యుత్తు పెట్టెకు. అద్దములకు ముందు దీనిని చెప్పుట కొందరికి చిన్నతనముగా తోచవచ్చును. కరెంటు తగ్గిన కంప్యూటరు దూరదర్శిని ఆగిపోవుటయే కాక అబద్ధము కూడ చెప్పును. క్రొత్తవాడు తన తెలివిని శంకించుకొనును.

ఆకాశపు పట్టిక సంగతియు అట్టిదే. హెర్షెల్ నిచ్చెనమీద నిలిచి నీహారికలను పేర్కొనుచుండగా, ఆయన చెల్లెలు కరొలీన్ గడియారమును, నక్షత్ర పట్టికను ముందిడుకొని వేళను, స్థానమును వ్రాసికొనెడిది. ఆ అన్నాచెల్లెండ్రు, తరువాత హెర్షెల్ కుమారుడు జాన్ చేసిన పనిని ఆధారముగా గొని డ్రేయర్ 1888లో 7840 వస్తువుల పట్టికను ప్రచురించెను. నేటి యంత్రపు చేతిపెట్టెలో ఎన్.జి.సి. అను మీట క్రింద ఉన్నది ఆ పట్టికయే. 1992లో మీడ్ కంపెనీ వారి ఎల్.ఎక్స్. 200 వంటి యంత్రములు వచ్చిన తరువాత ఆ పట్టిక ఇంటి మేడలకెక్కినది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వము జి.పి.ఎస్. సంకేతములకు పెట్టిన కల్తీని తొలగించిన పిమ్మట, ఊరును వేళను తానే తెలిసికొను ఉపకరణమును ప్రత్యేకముగా అమ్మసాగిరి. చేతిఫోనులో అవి రెండును ఉన్నవి గదా. ఆ ఖర్చు అక్కరలేదు.

వేళ విలువ మనవారికి తెలియనిది కాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున సొంత వేధశాలను కట్టించెను. ఆయన మదరాసు వేధశాలలో టేలర్ వద్ద శిక్షణ పొందినవాడు. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించెను. అట్టి పరిశీలనలో దృశ్యము సగము, గడియారము సగము.

సముద్రతీరపు ఊళ్లవారికి ఒక మాట. ముందువైపు గాజు పలక గల పొట్టి గొట్టములపై చలికాలపు మంచు గంటలో కమ్ముకొనును. గుడ్డతో తుడువరాదు. గొట్టము ముందు ఒక నల్లని తొడుగు చాలును. మందపు స్పాంజి రేకును చుట్టి ఇంటనే చేసికొనవచ్చును. రంగు గాజుల జతలను గూర్చి మేము ఉత్సాహపడము. ఊరి దీపకాంతిని వడగట్టు గాజులు పాత సోడియము దీపములకు పనిచేసినంతగా నేటి తెల్లని ఎల్.ఇ.డి. దీపములకు పనిచేయవు.

సూర్యుని గాజు మాత్రము వేరు విషయము. ఇందులో పోవునది డబ్బు కాదు, కన్ను. హెర్షెల్ సూర్యుని చూచుటకు వేర్వేరు రంగు గాజులు వాడుచు, కొన్నిటిలో వెలుగు తక్కువయైనను వేడి ఎక్కువగా దాటివచ్చుట గమనించెను. ఆ అనుమానముతోనే 1800లో పట్టకము నుండి వచ్చు రంగులలో ఉష్ణమాపకములను ఉంచి, ఎరుపునకు ఆవల కంటికి కనబడని చోట వేడి హెచ్చుట కనుగొనెను. పరారుణ కిరణముల కథ అట్లు ఒక తోడు వస్తువు లోపమునుండి మొదలైనది. గాజు నల్లగా ఉన్నంతమాత్రమున క్షేమము కాదని ఆనాడే తేలినది. ఐనను కంటిగాజునకు మరతో బిగించు చిన్న నల్లబిళ్లలు చాలకాలము అమ్ముడైనవి. గొట్టము కూడదీసిన వేడియంతయు ఆ బిళ్లపై పడి అది చిట్లును. చిట్లిన క్షణమున కన్ను అక్కడనే యుండును. పాత పెట్టెలో అట్టిది దొరికినచో పగులగొట్టి పారవేయుడు. సూర్యుని చూచు వడపోత గొట్టము ముందు భాగమంతయు కప్పునదై, సూర్యునికై ప్రత్యేకముగా చేసినదై, గాలికి ఊడనిదై యుండవలెను. ప్రక్కనున్న చిన్న ఫైండరు గొట్టమునకు కూడ మూత పెట్టవలెను. పెద్దలు దానిని మరతురు. పిల్లలు దానిలోనే తొంగిచూతురు. కాగితముపై సూర్యబింబమును పడవేసి చూచు పద్ధతి గెలీలియో శిష్యుడు కాస్టెల్లి కల్పించినది, మంచిది. కాని నేటి పొట్టి గొట్టములలో లోపలి భాగములు వేడికి చెడును గనుక వాటికి తగదు.

తోడు వస్తువు గొట్టమునే మించిన సందర్భము మన గుంటూరులోనే జరిగినది. 1868 ఆగస్టు 18వ తేది సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆంధ్రతీరము మీదుగా సాగెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ తన దూరదర్శినికి వర్ణపటదర్శినిని జతచేసి గుంటూరులో వేచియుండెను. సూర్యుడు మరుగైన క్షణములలో అంచున లేచిన ఎర్రని జ్వాలలను ఆ పరికరముతో చూడగా, రంగుల పట్టీకి మారుగా మెరయు గీతలు కనబడెను. అవి మండు వాయువని తేలెను. ఆ గీతలు ఎంత ప్రకాశవంతముగా ఉండెననగా, గ్రహణము లేకున్నను వీటిని చూడవచ్చునని జాన్సెనుకు తోచెను. మరునాటి ఉదయము నిండు వెలుగులో ప్రయత్నించి చూచెను, కనబడెను. అంతవరకు ఏ కొన్నియేండ్లకో ఒకసారి కొన్ని నిమిషములపాటు మాత్రమే దొరకిన దృశ్యము నాటినుండి దినదినము దొరకునదయ్యెను. రెండు నెలల తరువాత ఇంగ్లండులో లాకియర్ ఈ వార్త ఎరుగకయే ఆ పద్ధతిని సాధించెను. ఆ పసుపు గీతను మచిలీపట్టణమున గ్రహణమును చూచిన పాగ్సన్ కూడ గమనించియుండెను. అది సోడియముది కాదని, భూమిమీద తెలియని మూలకముదని లాకియర్ వాదించెను. 1895లో రామ్సే దానిని ఒక ఖనిజమునుండి వెలికిదీసెను. గుంటూరులో హీలియము కనిపెట్టబడినదని మనవారు సంబరముగా చెప్పుకొందురు. మా దృష్టిలో అది కొంత అతిశయము. గుంటూరులో దొరకినది ఒక పద్ధతి. దాని విలువ తక్కువది కాదు.

ఆ ఉపాధ్యాయునికి వ్రాసిన జవాబులో మేము విద్యుత్తు పెట్టెను, మంచు తొడుగును, 32 మిల్లీమీటర్ల కంటిగాజును పేర్కొంటిమి. సూర్యుని చూడదలచినచో ముందు చెప్పిన వడపోతను చేర్పుమంటిమి. లేనిచో సూర్యునివైపు గొట్టమును త్రిప్పవలదంటిమి. ఆరు నెలలు గడచిన పిమ్మట, ఇంకను ఆసక్తి మిగిలియున్నచో, మిల్లీమీటరునకు నూరు గీతలు గల 1.25 అంగుళముల గ్రేటింగు బిళ్లనొకటి తెప్పించి కంటిగాజునకు బిగించుమని వ్రాసితిమి. వేసవి రాత్రులలో దానిగుండా మొదట అభిజిత్తును, తరువాత జ్యేష్ఠను చూపవలెను. మొదటిదాని రంగుల పట్టీలో హైడ్రోజనుకు గుర్తుగా సన్నని నల్లగీతలుండును. రెండవదానిలో టైటానియము ఆక్సైడు వలన వెడల్పైన చీకటి పట్టెలు మెట్లవలె కనబడును. గుంటూరుకు జాన్సెన్ తెచ్చిన పరికరమునకు అది మనుమరాలివంటిది. ఆయన పట్టికలోని ముప్పది వస్తువులలో ఆ బిళ్ల లేనే లేదట.